ఏటిగడ్డపల్లెలో ఎంత వాన పడింది

ఉదయం ఎనిమిదిన్నర అయ్యేసరికి నా కాళ్ళు పెరట్లోకి లాగుతాయి. ముప్పై మూడేళ్ళు సముద్రం ఒడ్డున ఒక వాతావరణ కేంద్రంలో వాన కొలిచాను. దేశమంతటా వాన కొలిచేది ఆ వేళకే. నిన్న ఎనిమిదిన్నర నుంచి ఇవాళ ఎనిమిదిన్నర దాకా పడినదంతా గాజు కొలపాత్రలో పోసి, కంటికి ఎదురుగా పట్టుకుని, పుస్తకంలో అంకె వేస్తే ఆ రోజు మొదలైనట్టు. రిటైరయ్యాక ఆ వేళకు నా చేతిలో కాఫీ గ్లాసు తప్ప ఏమీ లేదు. మా అమలాపురంలో వానకు కొదవ లేదు. ఎంత పడిందని అడిగేవాళ్ళే లేరు.

అందుకే పాత సహోద్యోగి ఒకాయన ఫోన్ చేసి, కడప జిల్లాలో వానమాపకాలు ఎక్కడ ఎలా ఉన్నాయో చూసి రాసివ్వాలి, వారం రోజుల పని, వెళతారా అని అడిగితే మాట పూర్తికాకుండానే ఒప్పుకున్నాను. కరువును ముందే కనిపెట్టడానికి కొత్తవి పెడుతున్నారట, సరైన చోట లేనివాటిని మారుస్తారట. కొలపాత్ర, టేపు, మేస్త్రీలు వాడే రసమట్టం సంచిలో సర్దుకున్నాను. అలవాటు కొద్దీ గొడుగు కూడా పెట్టుకున్నాను. శ్రావణమాసంలో మేం గొడుగు లేకుండా గేటు దాటం.

ప్రొద్దుటూరు

బస్టాండు ఎదురుగా హోటల్లో ఎర్రకారం దోశ చెప్పాను. పైన పప్పుల పొడి చల్లి, వెన్న వేసి, నలభై అయిదు రూపాయలకు ఇచ్చారు. రెండో ముక్కకే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. యజమాని నా గొడుగు వంక చూసి, "ఏందమ్మా, ఎండకా?" అన్నాడు. వానకే అన్నాను. పక్క బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు కూడా తినడం ఆపి నవ్వారు. ఎగతాళి కాదది. చాలాకాలంగా కనబడని చుట్టం పేరు ఎవరో ఎత్తినట్టు నవ్వారు. నలభై రోజులైందట చినుకు చూసి.

బంగారు కొట్ల వీధి దాటుకుని వానమాపకం ఉన్న ఆవరణకు వెళ్ళాను. ఇప్పటివన్నీ యంత్రాలే. గరాటులో పడిన నీరు లోపలున్న చిన్న జంట దొప్పలోకి జారుతుంది. అది ఉయ్యాలబల్లలా అటూ ఇటూ ఒరిగి, ఎన్నిసార్లు ఒరిగిందో లెక్కబెట్టి, ఫోన్ సిమ్ము ద్వారా ఆఫీసుకు చెబుతుంది. మనిషి అక్కర్లేదు. మనిషి అక్కర్లేని చోట ఏం జరుగుతుందో అక్కడే చూశాను. యంత్రం నెత్తిన నిండుగా వేపచెట్టు కొమ్మలు పరుచుకుని ఉన్నాయి. వాన వస్తే సగం ఆకులే తాగేస్తాయి. నాకు ఒళ్ళు మండింది. వాచ్‌మన్‌ను పిలిచి, ఈ చెట్టు ఎవరు పెంచారని అడిగాను. తానే నాటానని ఆయన సంతోషంగా చెప్పాడు. ఎండకు మిషను మాడిపోతుందని, నీడ కోసం నాటాడట. పొద్దునా సాయంత్రం నీళ్ళు మోసి పెంచాడట. మార్చాలి అని రాసుకుని, చెట్టు చాలా బాగుందని చెప్పి వచ్చేశాను.

జమ్మలమడుగు

పెన్నా వంతెన మీద బస్సు నెమ్మదిస్తే కిటికీలోంచి తొంగి చూశాను. ఇసుక. మధ్యలో ఎవరో తవ్వుకున్న చెలమ దగ్గర రెండు గేదెలు. ఏరంటే నా మనసులో గోదావరి తప్ప ఇంకోటి లేదు. ఈ ఊరివాళ్ళు మాత్రం "ఏట్లో నడిచిపోతే దగ్గర" అని దారి చెబుతారు. మా ఊళ్ళో ఏట్లో నడిచిపోయినవాళ్ళ గురించి వేరే రకంగా మాట్లాడుకుంటాం.

ఇక్కడ నాకు తోడు దొరికింది శాంతమ్మ టీచరు. పాత మిషన్ ఆసుపత్రి వెనక వీధిలో ఇల్లు. ఆమె ముత్తాతల నాటి నుంచీ క్రైస్తవులు, తరతరాలుగా బడిపంతుళ్ళు. నా సహోద్యోగికి తెలిసినావిడ కాబట్టి మధ్యాహ్నం భోజనానికి పిలిచింది. రాగిసంగటి ముద్ద, ఊరిమిండి అనే రోటిపచ్చడి, పప్పు. నేను ముద్దను అన్నంలా నమలబోతే, "నమిలితే దవడలు పట్టుకుంటాయి, పప్పులో ముంచి మింగాల" అని నేర్పింది. మూడో ముద్దకు పట్టుబడింది.

ప్రతి ఆదివారం చర్చిలో వానకోసం ప్రార్థన చేస్తున్నామని చెప్పింది. మా వైపు వాన ఆగమని మొక్కుకుంటామని నేనన్నాను. ఆమె చేతిలో గరిటె అలాగే నిలిచిపోయింది. అలా కూడా మొక్కుతారా అని మెల్లగా అడిగింది. నాకు సిగ్గేసింది.

నా పని విన్నాక ఆమె ఒక మనిషి గురించి చెప్పింది. గండికోట జలాశయంలో మునిగిపోయిన పల్లెల్లో ఏటిగడ్డపల్లె ఒకటి. అక్కడి బడిలో ఆమె పదిహేనేళ్ళు పాఠాలు చెప్పింది. ఆ బడి అటెండరు ఓబులేసు, బడి ఆవరణలో వానమాపకం చూసుకునేవాడు. ఊరు మునిగింది, ఊళ్ళోవాళ్ళను కొండాపురం దగ్గర కాలనీలో పెట్టారు. "ఆయన మాత్రం కొలిచేది మానలేదు మేడమ్. ఎవురికి పంపిస్తాండాడో నాకైతే తెలీదు" అంది. ఆ కాలనీ నా జాబితాలో ఉంది. మీరూ రండి అన్నాను. వెంటనే ఒప్పుకుంది.

పెద్దముడియం

మర్నాడు ముందు పెద్దముడియం వైపు వెళ్ళాం. నల్లరేగడి నేల, కంటికి ఆనినంత మేర దున్ని పెట్టి ఉంది, విత్తనం పడలేదు. పగుళ్ళలో నా కొలపాత్ర నిలువునా దిగింది.

ఇక్కడి యంత్రం సరిగ్గానే ఉంది. అయినా పరీక్షించాలి కదా. కొలిచిన నీళ్ళు గరాటులో సన్నగా పోసి, అది ఎంతని చెబుతుందో చూడాలి. ముందే ఆఫీసుకు ఫోన్ చేసి, ఇప్పుడొచ్చే లెక్క నాది, వానది కాదు అని చెప్పి పోశాను. గట్టు మీద కూర్చున్న రైతు లేచి వచ్చి, గ్లాసుతో పోస్తే కూడా అది వానే అనుకుంటుందా అని అడిగాడు. అవును, పాపం దానికి తెలియదు అన్నాను. అతను వంగి గరాటులోకి చూసి, "మాకన్నా అమాయకమైంది" అని పోయి మళ్ళీ గట్టు మీద కూర్చున్నాడు.

కొండాపురం దగ్గర, కాలనీ

వరసగా ఒకేలాంటి ఇళ్ళు, తిన్నని వీధులు. సిమెంటు గోడలకు మాత్రం చెక్కిన పాత టేకు తలుపులు, అరిగిన గడపలు. ఊరు ఖాళీ చేసేటప్పుడు ఊడబీకి తెచ్చుకున్నారట. కొన్ని తలుపులు కొత్త గుమ్మాలకు సరిపోక, పక్కన ఇటుక ముక్కలు పెట్టి పూడ్చారు. కాలనీ చివర నిలబడితే దూరంగా జలాశయం మెరుస్తూ కనిపిస్తుంది. నీళ్ళు కళ్ళ ముందే ఉన్నాయి. వీళ్ళకు మిగిలిన మెట్ట చేలు ఎత్తున ఉన్నాయి, అక్కడ వేరుశనగ ఎండి పుల్లలైంది.

నా దగ్గరున్న కాగితం ప్రకారం మూడు వారాల కిందట ఒకరోజు ఈ కాలనీ యంత్రం ముప్పై ఎనిమిది మిల్లీమీటర్ల వాన చూపింది. అంటే వీధులు పారే వాన. చుట్టుపక్కల అన్ని చోట్లా ఆ రోజు సున్నా. వానలేని రోజులను వరసగా లెక్కబెట్టి కరువు తేలుస్తారు. మధ్యలో గట్టి వాన ఒక్కటి పడితే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. మండలం మొత్తానికి ఇలాంటివి రెండే ఉన్నాయి కాబట్టి, ఈ ఒక్క అంకెతో మండలం కరువు జాబితాలోంచి జారిపోయింది. జాబితాలో పేరుంటేనే విత్తనం, పశువులకు గడ్డి, పంటల బీమా.

యంత్రం పాడైందనుకుని మూత విప్పాను. గరాటు అడుగున పసుపు మరక. జల్లెడలో చిక్కుకుని ఎండిన వేపాకు. కుంకుమ కూడా ఉంది. నేను ముప్పై మూడేళ్ళలో వానమాపకంలో చచ్చిన బల్లిని చూశాను, సైకిల్ బేరింగులు చూశాను. పసుపూ కుంకుమా చూడలేదు.

అప్పటికే పదిమంది ఆడవాళ్ళు చుట్టూ చేరారు. వాళ్ళలోంచి ఒకావిడ ముందుకొచ్చింది, ఓబులేసు భార్య లక్షుమ్మ. వాన రాకపోతే వీళ్ళు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిప్పుతారు. ప్రతి ఇంటి ఇల్లాలూ దాని మీద బిందెడు నీళ్ళు పోస్తుంది. కప్ప అరిస్తే వాన వస్తుందని నమ్మకం. ఆ రోజు ఆఖరున రోకలిని ఈ యంత్రం మీద ఆనించి, మిగిలిన నీళ్ళు ఇక్కడే పోశారట.

"ఇది వాన కబురు మోసే పెట్టె అని ఆఫీసోళ్ళు చెప్పి పోయినారు గదమ్మా. కప్పమ్మకు ఈడ నీళ్ళు పోస్తే మా కబురు గూడా మోస్తాది అనుకుంటిమి" అంది లక్షుమ్మ. "నేనే పోసినా. కప్ప గూడా అరిసింది."

ఆ నీళ్ళను యంత్రం ఏమని చెప్పిందో, దానివల్ల ఏమైందో నేను వివరించాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. ఆఫీసువాళ్ళు కావాలనే తమ మండలాన్ని తీసేశారని అప్పటిదాకా అందరూ అనుకుంటున్నారు. లక్షుమ్మ అక్కడే కటిక నేల మీద కూర్చుండిపోయింది. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అందుకే ఆమెకు ఇంకా కష్టమైందనుకుంటాను.

ఓబులేసు ఇంటి వెనక, ముళ్ళకంప దడి మధ్య, పాత రకం వానమాపకం ఉంది. మనిషి చేత్తో కొలిచేది. రసమట్టం పెట్టి చూశాను, బుడగ మధ్యలోంచి కదల్లేదు. గోడకు ఎంత దూరం ఉండాలో అంత దూరం ఉంది. మా కేంద్రంలో కూడా ఇంత శ్రద్ధ లేదని ఒప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. యంత్రాలొచ్చాక దీన్ని ఎవరూ అడగలేదట. ఊరు వదిలేరోజు తలుపులతో పాటు పెకలించి బండి మీద తెచ్చుకున్నాడట. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉన్నాడు.

ఆయన పుస్తకం తీసి చూపించాడు. గుండ్రని అంకెలు, కొట్టివేతలు లేవు. కప్ప తిరిగిన రోజు దగ్గర సున్నా. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇది చాలు, ఆ దొంగ వానను కొట్టేయించడానికి. ఇంకా వెనక్కి తిప్పితే ఒకచోట మూడు రోజులకు అంకెలు లేవు, చిన్న అడ్డగీతలున్నాయి. ఎందుకని అడిగాను. "సామాను మోస్తా ఉంటిమి. కొలవలేదు. కొలవనిదానికి సున్నా పెడితే అబద్దమైతాది గదమ్మా" అన్నాడు. మేం కొత్తగా చేరినవాళ్ళకు ఆరునెలలు నేర్పేది ఈ ఒక్క సంగతే.

అంతలో పేజీ నెత్తిన పేరు చూశాను. స్థలం: ఏటిగడ్డపల్లె. కాలనీకి వచ్చాక రాసిన ప్రతి పేజీకీ అదే పేరు. నేను నీరుగారిపోయాను. నీళ్ళకింద ఉన్న ఊరి పేరుతో ఇచ్చిన లెక్కను ఏ ఆఫీసూ తీసుకోదు. వానమాపకం ఎక్కడ నిలబడి ఉంటే ఆ చోటి పేరే ఉండాలి. కాలనీ పేరుకు మార్చి ఇవ్వమని అడిగాను. శాంతమ్మ టీచరు కూడా నచ్చజెప్పబోయింది.

ఆయన పుస్తకం మూసేశాడు. "ఊరు పాయ. గుడి పాయ, బడి పాయ. ఆ పేరు ఇంగ యాడా ల్యా, ఈ పుస్తకంలో తప్ప. దీంట్లోంచి గూడా తీసేయమంటే నా చేతగాదమ్మా." గొంతు పెంచలేదు. లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చి ఇచ్చాడు. తాగి వచ్చేశాం. బస్సెక్కాక చూసుకుంటే నా గొడుగు వాళ్ళ అరుగు మీదే ఉండిపోయింది.

పులివెందుల

శాంతమ్మ టీచరు ఇంటికి వెళ్ళిపోయింది. నేను పులివెందులలో లాడ్జిలో దిగి నివేదిక రాయడం మొదలుపెట్టాను. ఇక్కడ చీనీ తోటలు, అంటే మా బత్తాయిలు, అరటితోటలు పచ్చగా ఉన్నాయి. బోర్ల నీళ్ళు చుక్కచుక్కగా గొట్టాల్లో వస్తాయి. చీనీరసం గ్లాసు ముప్పై రూపాయలు, మా ఊళ్ళో కొబ్బరిబొండం కన్నా చవక. బండి దగ్గర ఒక రైతు, వాన ఎప్పుడొస్తుందో టీవీలో చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారనీ, తన చేలో ఎంత పడిందో చెప్పేవాళ్ళే లేరనీ అన్నాడు. ఆ మాట నివేదికలో పెట్టాను. కాలనీ దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయింది. పసుపు మరక చూశాను, ఆడవాళ్ళు చెప్పారు, అని రాశాను. అది సాక్ష్యం కాదు. అంకెను కొట్టేయాలంటే ఇంకో అంకె కావాలి.

రెండోరోజు మధ్యాహ్నం లాడ్జి కుర్చీలో ఓబులేసు కూర్చుని ఉన్నాడు. ఎనిమిదిన్నరకు వాన కొలిచి, సున్నా రాసి, శాంతమ్మ టీచరును అడిగి నేనున్న లాడ్జి తెలుసుకుని, తొమ్మిది గంటల బస్సెక్కి వచ్చాడట. తువ్వాలులో చుట్టిన పుస్తకం ఒళ్ళో ఉంది. లక్షుమ్మ రెండు రోజులుగా అన్నం ముట్టలేదని చెప్పాడు. "అది ఆశతో పోసింది. తప్పని తెలీక పోసింది. ఇంగ ఏదన్నా దారి ఉంటే చెప్పమ్మా."

అప్పుడు నాకు మా పనిలో రోజూ చేసేదే గుర్తొచ్చింది. ముందే ఎందుకు తట్టలేదో, అందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. మేం పుస్తకంలో దేన్నీ చెరపం. రబ్బరు వాడకూడదు, సిరా పూయకూడదు. మార్చాల్సి వస్తే సన్నగా ఒక్క గీత గీస్తాం. కింద ఉన్నది ఎవరైనా చదవగలగాలి. పైన కొత్తది రాసి సంతకం పెడతాం.

"పేరు తీసేయొద్దు. ఒక్క గీత గీసి, పైన కాలనీ పేరు రాయండి. ఏటిగడ్డపల్లె కిందనే ఉంటుంది, కనిపిస్తూనే ఉంటుంది" అన్నాను.

ఆయన తువ్వాలు విప్పి పుస్తకం తీశాడు. "గీత గీసేది తప్పు రాసినప్పుడు గదమ్మా. నేను తప్పు రాయలేదు."

"రాయలేదు" అన్నాను. "ఆ మాట నేను పక్కన రాసి సంతకం పెడతాను."

లాడ్జి స్కేలు అడిగి తెచ్చాం. కాలనీకి వచ్చిన నెల నుంచి, నెలకొక పేజీ. ప్రతి పేజీ నెత్తినా గీత గీసి, పేరు రాసి, సంతకం పెట్టాడు. పక్కన నేను పెట్టాను. నాలుగైదు పేజీలకొకసారి తువ్వాలుతో చెయ్యి తుడుచుకున్నాడు. ఆఖరి పేజీ అయ్యాక వేలితో గీత కిందున్న పేరును ఒకసారి తడిమి, చదవను వస్తాంది అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇద్దరం వెళ్ళి చీనీరసం తాగాం. డబ్బులు ఆయనే ఇచ్చాడు, నన్ను ఇవ్వనివ్వలేదు.

ఇంటికొచ్చాక

నివేదికకు ఆ పేజీల నకళ్ళు జతచేసి పంపాను. నెలన్నర ఉత్తరాలు నడిచాయి. ఆఖరికి కప్ప తిరిగిన రోజు వానను కొట్టేశారు, మండలం పేరు జాబితాలో చేరింది. యంత్రాన్ని దడి కట్టిన చోటికి మార్చారు. యంత్రం చెప్పేదాన్ని సరిచూడటానికి ఓబులేసు అంకె రోజూ తీసుకోవాలని ఒప్పుకున్నారు. జీతమేమీ లేదు, ఒక కొత్త కొలపాత్ర ఇచ్చారు. లక్షుమ్మ అన్నం తింటోందని శాంతమ్మ టీచరు చెప్పింది.

ఆఫీసుకు చెప్పాక ఆయన నాకూ ఫోన్ చేస్తాడు. ఎనిమిదీ ముప్పై అయిదుకు. "అమ్మా, సున్నా." అంతే, పెట్టేస్తాడు. నేను పాత డైరీ ఒకటి తీసి అందులో రాసుకుంటున్నాను. మా పెరట్లో చూరు నీళ్ళు ధారకడుతుంటే, ఆ చప్పుడు ఫోన్లో వినబడకుండా తలుపు మూసి మాట్లాడేదాన్ని. ఉన్న వానను దాచుకోవాల్సి వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు. సంచిలో పెట్టి పంపే వీలుంటే పంపేదాన్ని.

పోయిన వారం ఫోన్ ఆలస్యమైంది. ఎనిమిదీ నలభై, నలభై అయిదు. నేను కాఫీ కూడా తాగలేదు. తొమ్మిదింటికి మోగింది. అవతల హోరు. మొదట లైను బాగాలేదనుకున్నాను. అది వాన.

"ఇరవై ఆరున్నర" అన్నాడు. "రెండు మాట్లు కొలిచినానమ్మా, అందుకే ఆలస్యమాయ. ఇంగా పడతానే ఉండాది. నీ గొడుగు ఏసుకోనే పోయినా."

నేను ఏదో అన్నాను, గుర్తులేదు. వెనక లక్షుమ్మ ఎవరినో పిలుస్తోంది, బిందెలు పెట్టమని.

"ఏటి మీద నల్లగా దిగింది మొయిలు. మా ఊరి మీద గూడా శానా పడి ఉంటాది. ఆడ నీళ్ళ మీద నీళ్ళు, ఎవురు కొలుస్తారు? ఈ అంకె కింద ఇంగో వరస ఉండాది పుస్తకంలో, కాలీగా. ఏటిగడ్డపల్లె అని రాసుకున్యా. దానికేం పెట్టాల్లమ్మా, సున్నానా?"

"సున్నా కాదు" అన్నాను. "అడ్డగీత పెట్టండి. పడింది, ఎంతో మనకు తెలియదు."

"ఆఁ, పడింది" అన్నాడు. కలం వెతుక్కుంటున్న చప్పుడు వినిపించింది. డైరీలో ఇరవై ఆరున్నర కింద నేను కూడా ఆ ఊరి పేరు రాసి, పక్కన గీత పెట్టుకున్నాను.